పసిపిల్లల వెయింగ్ మెషిన్: గుండె జబ్బున్న పిల్ల కిడ్నీలను కాచుకునే ఇంటి నుంచి ఒక రివ్యూ

మా మనవరాలికి ఏడాదిన్నర. జబ్బు పేరు డైలేటెడ్ కార్డియోమయోపతీ. గుండె కండరం బలహీనపడి, గుండె గది సాగిపోయి, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేకపోతోంది. ఫ్యూరోసిమైడ్ (నీరు తీసే మందు, లాసిక్స్ అనేది ఇదే), స్పైరనోలాక్టోన్, ఎనలాప్రిల్ మూడూ రోజూ వేస్తున్నాం. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మగారు మందుల చీటీ అడుగున ఇంకో లైన్ రాశారు: రోజూ పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టండి. ఆ లైన్ కోసం కొన్నదే ఈ మెషిన్.

కొనే ముందు చాలా రివ్యూలు చదివాను. అన్నీ పాలు బాగా తాగుతున్న పిల్ల ఎంత పెరిగిందో చూసి సంబరపడే ఇళ్ల నుంచి వచ్చినవి. వాళ్లకు వంద గ్రాములు అటూ ఇటూ అయినా పోయేదేం లేదు. మాకు ఆ వంద గ్రాములే ముఖ్యం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. తూకాలు సరిచూడటం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష రిపోర్టులు ఇవ్వడం నా ఉద్యోగంలో భాగం. ఆ కంటితోనే ఈ మెషిన్‌ని చూశాను. మాలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు మెషిన్ సంగతి. వంపు తిరిగిన తెల్లటి ప్లాస్టిక్ ట్రే, కింద నాలుగు రబ్బరు కాళ్లు, ముందువైపు డిజిటల్ తెర. 20 కిలోల దాకా తూస్తుంది, పది గ్రాముల మెట్టు. అంటే 8.41 కిలోలకూ 8.42 కిలోలకూ తేడా చూపిస్తుంది, అంతకంటే చిన్న తేడా చూపించదు. ట్రే మీద గుడ్డ పరిచి సున్నా చేసుకునే బటన్ ఉంది. పిల్ల కదులుతున్నా సగటు తీసి అంకె నిలిపే హోల్డ్ బటన్ ఉంది. బ్యాటరీలతో నడుస్తుంది.

పెట్టె విప్పగానే పిల్లను పడుకోబెట్టలేదు. ముందు నీళ్లతో సరిచూశాను. కొలత గీతలున్న జాడీతో లీటరు నీళ్లు సీసాలో పోస్తే, ఖాళీ సీసా బరువు పోను కిలో చూపించాలి. చూపించింది. ఆ తర్వాత సీసాను ట్రే నడుమ నుంచి నాలుగు మూలలకూ జరిపి చూశాను. చాలా చవక మెషిన్లు ఇక్కడే దొరికిపోతాయి, మూలకు జరిపితే అంకె మారిపోతుంది. ఏడాదిన్నర పిల్ల నడుమలో బుద్ధిగా పడుకోదు కదా. దీనిలో అన్ని మూలల్లోనూ తేడా పది గ్రాములు దాటలేదు. అదొక్కటే చాలు, దీన్ని ఉంచుకోవచ్చనిపించింది.

మూడో పరీక్ష అందరూ చేసి చూడాల్సింది. కొన్ని డిజిటల్ తూకాల్లో ఒక అలవాటు ఉంటుంది. కిందటిసారి తూచిన బరువుకు దగ్గరగా ఉన్న బరువు మళ్లీ పెడితే, తేడా ఉన్నా పాత అంకెనే చూపించేస్తాయి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే కొన్నవాళ్లు మెషిన్ బాగుందనుకుంటారు కాబట్టి అలా తయారు చేస్తారు. మాలాంటివాళ్లకు అది ప్రమాదం. నీళ్ల సీసా తూచి, తీసి, అందులో యాభై మిల్లీలీటర్లు కలిపి మళ్లీ తూచండి. యాభై గ్రాములు పెరిగినట్టు చూపించకపోతే ఆ మెషిన్ వెనక్కి పంపేయండి. మేం మొదట తెప్పించిన ఇంకో కంపెనీ మెషిన్ ఇక్కడే పోయింది. ఇది నిలబడింది.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. ఏడాది దాటిన పిల్లలు సాధారణంగా నెలకు 200 గ్రాములకు కాస్త అటూ ఇటూగా పెరుగుతారు. అంటే రోజుకు ఏడు గ్రాములు, ఈ మెషిన్ మెట్టు కంటే తక్కువ. కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ కనిపించే తేడా ఒళ్లు పట్టడం వల్ల వచ్చింది కాదు. అది నీరు, పాలు, మూత్రం, విరేచనం. పొద్దున్నే, తడి డైపర్ తీసేసి, పాలు పట్టకముందు, అదే మెషిన్ మీద, అదే చోట తూస్తే మిగిలేది దాదాపుగా నీటి లెక్కే. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము. రాత్రికి రాత్రి 150 గ్రాములు పెరిగితే 150 మిల్లీలీటర్ల నీరు ఒంట్లో ఆగిపోయిందని అనుకోవాలి.

ఆ నీరు ఆగడానికీ తగ్గడానికీ మధ్య నలిగేవి కిడ్నీలు. గుండె జబ్బున్న పిల్లలో కిడ్నీల గురించి ఎందుకు భయపడాలని మా అల్లుడు మొదట్లో అడిగేవాడు. జబ్బు గుండెకే కదా, కిడ్నీలు పుట్టుకతో బాగానే ఉన్నాయని స్కానింగ్‌లో చెప్పారు కదా అని. కిడ్నీలు బాగానే ఉన్నాయి, నిజమే. అవి పనిచేయడానికి కావలసిన రక్తం సరిగ్గా అందడం లేదు, అదీ సమస్య. పెద్దవాళ్లలో గుండె తోసే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. ఒంటి బరువులో చూస్తే అవి చాలా చిన్నవి, అయినా అంత రక్తం కావాలి, ఎందుకంటే వాటి పని వడపోత. గుండె నీరసిస్తే ఆ ప్రవాహం పడిపోతుంది. కిడ్నీకి అసలు సంగతి తెలియదు. ఒంట్లో నీరు, రక్తం తక్కువయ్యాయనే అనుకుంటుంది. రెనిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, దాని వెనకే యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. అసలే మోయలేక అవస్థ పడుతున్న గుండె మీద ఇంకా నీరు పడుతుంది.

ఇది ఒక వైపు. రెండో వైపు గురించి ఇళ్లలో తక్కువ మాట్లాడుకుంటాం. గుండె ముందుకు తోయలేనప్పుడు రక్తం వెనక సిరల్లో నిలిచిపోతుంది. సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. పిల్లల్లో లివరు పెద్దదవడం దీనివల్లే. అదే ఒత్తిడి కిడ్నీ సిరల్లోనూ పెరుగుతుంది. కిడ్నీ చుట్టూ గట్టి పొర ఉంటుంది, ఉబ్బడానికి చోటుండదు. లోపలికి వచ్చే రక్తం ఒత్తిడికీ బయటికి పోయే రక్తం ఒత్తిడికీ మధ్య తేడా ఉంటేనే వడపోత జరుగుతుంది. బయట దారిలో ఒత్తిడి పెరిగితే ఆ తేడా తగ్గి, వడపోత నెమ్మదిస్తుంది. గుండె, కిడ్నీ ఇలా ఒకదాన్నొకటి లాగేసుకోవడాన్ని కార్డియోరీనల్ సిండ్రోమ్ అంటారు. ఇటలీకి చెందిన కిడ్నీ వైద్యుడు క్లాడియో రోంకో, ఆయన సహచరులు 2008లో దాన్ని ఐదు రకాలుగా విడదీశారు. గుండె ఒక్కసారిగా దెబ్బతిని కిడ్నీని దెబ్బతీస్తే మొదటి రకం, నెలల తరబడి గుండె జబ్బు వల్ల కిడ్నీ మెల్లగా నీరసిస్తే రెండోది, కిడ్నీ వైపు నుంచి మొదలై గుండెకు వెళ్లేవి మూడు, నాలుగు, వేరే జబ్బు రెండింటినీ ఒకేసారి పట్టుకుంటే ఐదోది. మా పాపది రెండోది. జ్వరమో వాంతులో వచ్చినప్పుడు మొదటిదానిలోకి జారే ప్రమాదం ఉంది.

ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. ఇలాంటి పిల్లల్లో క్రియాటినిన్ రెండు పూర్తి వ్యతిరేకమైన కారణాలతో పెరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై సిరలు బిగిసినా పెరుగుతుంది. నీరు తీసే మందు ఎక్కువ పనిచేసి ఒళ్లు ఎండిపోయినా పెరుగుతుంది. రిపోర్టు మీద అంకె ఒకటే, చేయాల్సిన వైద్యం మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. మొదటిదానిలో నీరు ఇంకా తీయాలి, రెండోదానిలో నీరు తీయడం తగ్గించాలి. ఏది అన్నది రక్త పరీక్ష ఒక్కటే చెప్పలేదు. డాక్టరు చేత్తో చూస్తారు, ఎకో చూస్తారు, బీపీ చూస్తారు. వాటికి తోడు మన ఇంటి నుంచి వెళ్లే బరువుల పుస్తకం చాలా సాయం చేస్తుంది.

మాకు రెండూ అనుభవమయ్యాయి. మొదటిది బరువు పెరిగినప్పుడు. రెండు పొద్దుల వరసలో 8.41 కాస్తా 8.55 అయి, తర్వాత 8.68 అయింది. చూడటానికి పాప బొద్దుగానే కనిపించింది, కళ్ల కింద కాస్త ఉబ్బు తప్ప ఇంకేం లేదు. పసిపిల్లల్లో కాళ్ల వాపు తొందరగా కనిపించదు. లివరు పెరగడం, పాలు తాగేటప్పుడు చెమటలు పట్టడం, ఆయాసం, రెప్పల ఉబ్బు, ఇవే ముందు. మా అమ్మాయి ఫోన్ చేసి అంకెలు చదివింది. డాక్టరమ్మగారు అదే రోజు రమ్మన్నారు. క్రియాటినిన్ 0.3 నుంచి 0.5కి వెళ్లింది. ఆ మాట వినగానే మా అమ్మాయికి ఒకటే టెన్షన్. "కిడ్నీలు దెబ్బతింటుంటే లాసిక్స్ ఇంకా పెంచుతామంటున్నారేంటి నాన్నా?" అని నన్నడిగింది. పుస్తకం చూపించి చెప్పాను: బరువు పెరిగి క్రియాటినిన్ పెరిగింది తల్లీ, కిడ్నీ నీళ్లలో ఇరుక్కుంది. సిర ద్వారా మందు ఇచ్చి నీరు తీశారు. బరువు దిగింది, దానితోపాటు క్రియాటినిన్ కూడా మళ్లీ 0.3కి దిగింది.

రెండోసారి ఉల్టా. విరేచనాలు పట్టుకున్నాయి, రెండు మూడుసార్లు వాంతి కూడా అయింది. మరుసటి పొద్దున బరువు 8.41 నుంచి 8.14కి పడింది. చుట్టాలు చూసి పిల్ల ముఖంలో ఉబ్బు తగ్గింది, కాస్త తేలికపడింది అన్నారు. నిజంగానే ముఖం చిన్నదయింది. కానీ ఒక్క రాత్రిలో 270 గ్రాములు పోవడమంటే ఆ బరువున్న పిల్లలో నూటికి మూడు వంతులకు పైనే. అలాంటి ఒళ్లు మీద లాసిక్స్ నీరు తీస్తూనే ఉంటుంది. ఎనలాప్రిల్ పని ఇంకోలా ఉంటుంది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి నాళాల గుత్తి నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని యాంజియోటెన్సిన్ బిగించి, లోపల ఒత్తిడి నిలుపుతుంది. ఎనలాప్రిల్ ఆ బిగింపును సడలిస్తుంది. మామూలు రోజుల్లో గుండెకు అది మేలు, అందుకే ఈ మందు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొద్దిగా పెరిగినా డాక్టర్లు కంగారుపడరు. నీరు ఎండిపోయిన రోజున మాత్రం కిడ్నీకి ఉన్న ఆ ఒక్క ఆసరా కూడా పోతుంది. మందుల చీటీలోనే రాసి ఉంది, వాంతులు విరేచనాలు అయితే వెంటనే ఫోన్ చేయండి అని. చేశాం. ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో, నీళ్లు ఎంత, ఎలా పట్టాలో వాళ్లే చెప్పి, రక్త పరీక్షకు రమ్మన్నారు. ఈ మందులు ఇంట్లో సొంతంగా ఆపకూడదు, సొంతంగా కొనసాగించనూ కూడదు. ఫోన్ చేయాల్సిందే.

ఆ పరీక్షలో క్రియాటినిన్ 0.6. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, నా వృత్తికి సంబంధించింది. ఆ రిపోర్టులో 0.6 పక్కన ఎర్ర గుర్తు లేదు. ఎందుకంటే అందులో అచ్చయిన నార్మల్ రేంజ్ పెద్దవాళ్లది. కండ ఉన్న పెద్ద మనిషికి 0.6 చాలా మంచి అంకె. క్రియాటినిన్ పుట్టేది కండరం నుంచి. పసిపిల్లకు కండే తక్కువ కాబట్టి 0.2, 0.3, 0.4 మామూలు. 0.3 నుంచి 0.6 అంటే రెట్టింపు. 2012 నాటి కేడీఐజీవో (కిడ్నీ జబ్బుల మీద ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణాల ప్రకారం 48 గంటల్లో 0.3 పెరిగినా, ఏడు రోజుల్లో ఒకటిన్నర రెట్లయినా అది కిడ్నీకి తగిలిన దెబ్బే. కాబట్టి మీ పాపకో బాబుకో బాగున్నప్పటి క్రియాటినిన్ ఎంతో తెలుసుకుని, మందుల చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. కొత్త అంకెను రిపోర్టులోని రేంజ్‌తో కాదు, ఆ అంకెతో పోల్చి చూడండి. వేరే ఆసుపత్రికి అర్జెంటుగా వెళ్లాల్సి వస్తే అక్కడి డ్యూటీ డాక్టరుకు మీరు చెప్పగలిగే అతి విలువైన మాట అదే.

లెక్క ఇష్టమున్నవాళ్లకు ఇంకొకటి. పిల్లల్లో వడపోత ఎంత ఉందో అంచనా వేయడానికి ష్వార్ట్జ్ సూత్రం వాడతారు. 2009లో సవరించిన రూపంలో చాలా తేలిక: సెంటీమీటర్లలో పొడవును 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగించాలి. మా పాప 75 సెంటీమీటర్లు. 0.3 ఉన్నప్పుడు 103 వస్తుంది, 0.6 ఉన్నప్పుడు 52. ఎర్ర గుర్తు లేని రిపోర్టులో సగం వడపోత పోయిందన్నమాట. ఆ సూత్రం అంకె నిలకడగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది, రోజురోజుకూ మారుతున్నప్పుడు కాదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. గుండె జబ్బుతో చిక్కిపోయిన పిల్లల్లో కండ ఇంకా తక్కువ, కాబట్టి క్రియాటినిన్ తప్పుగా తక్కువ కనిపించి కిడ్నీలు బాగున్నట్టు భ్రమ పెడుతుంది. అలాంటప్పుడు డాక్టర్లు సిస్టాటిన్ సీ అనే ఇంకో రక్త పరీక్ష అడుగుతారు. అది కండ మీద ఆధారపడదు. స్టీరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా మాత్రం అదీ మారుతుంది.

పొటాషియం గురించి ఒక్క మాట. ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ రెండూ పొటాషియాన్ని పెంచుతాయి, లాసిక్స్ తగ్గిస్తుంది. కిడ్నీ నీరసించిన రోజున ఈ తూనిక తప్పి పొటాషియం పైకి వెళితే గుండె లయే చెడిపోవచ్చు. కానీ చిన్నపిల్లల నరం దొరకక, వేలో మడమో పిండి తీసిన రక్తంలో ఎర్రకణాలు పగిలి, లేని పొటాషియం పెరిగినట్టు కనిపించడం ల్యాబుల్లో తరచూ జరిగేదే. సీరం గులాబీ రంగులో ఉంటే మాకు కంటితోనే తెలిసిపోయేది. రిపోర్టు మీద హిమొలైజ్డ్ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే మళ్లీ రక్తం తీయమంటారు, పిల్ల ఏడుస్తుందని వద్దనకండి.

మెషిన్ దగ్గరికి వస్తాను. దీని అతి పెద్ద లోపం దానితో వచ్చే ఫోన్ యాప్. బరువు పెరిగిన ప్రతిసారీ ఆకుపచ్చ రంగులో నవ్వు ముఖం చూపించి అభినందనలు చెబుతుంది. తగ్గితే పసుపు రంగు. మామూలు పిల్లలకు సరే. 8.68 చూపించిన పొద్దున కూడా ఆకుపచ్చ నవ్వే వచ్చింది. దాన్ని చూసి తల్లి నిశ్చింతగా ఉండిపోతే ఏమిటి పరిస్థితి? పైకీ కిందికీ రెండు హద్దులు మనమే పెట్టుకునే వీలు యాప్‌లో ఉండాలి. డాక్టరమ్మగారు మాకు ఆ రెండు హద్దులూ చీటీ మీద రాసిచ్చారు, ఇంత దాటితే ఫోన్, ఇంతకు దిగితే ఫోన్ అని. అవి పిల్లను బట్టి మారతాయి, మా అంకెలు మీకు పనికిరావు, అందుకే ఇక్కడ రాయడం లేదు. మీ డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. పై హద్దు అందరూ చెబుతారు, కింది హద్దు కూడా అడగండి. యాప్ తీసేసి గీతల నోటు పుస్తకం పెట్టుకున్నాం. తేదీ, బరువు, మూత్రం, ఒంట్లో ఎలా ఉంది, నాలుగు గడులు.

మూత్రం గడి కోసం ఇంకో చిన్న తూకం వాడుతున్నాం, ఒక గ్రాము మెట్టు ఉన్న వంటింటి తూకం. పెద్ద మెషిన్ ఈ పనికి రాదు, పది గ్రాముల మెట్టుతో డైపర్ తూచలేం. పొడి డైపర్ బరువు ముందే రాసిపెట్టుకుని, తడిసిన దాని బరువు నుంచి తీసేస్తే మిగిలింది మూత్రం, గ్రాముకు మిల్లీలీటరు లెక్క. ఈ వయసు పిల్లల్లో కిలోకు గంటకు ఒక మిల్లీలీటరు తగ్గకుండా ఉండాలని చూస్తారు. మా పాపకు అది రోజుకు 200 మిల్లీలీటర్ల చిల్లర. విరేచనం కలిసిన డైపర్ లెక్కలోకి రాదు. అయినా తడి డైపర్లు బాగా తగ్గిపోయాయన్న సంగతి అంకె లేకుండా కూడా తెలుస్తుంది. డాక్టరు దగ్గర మాత్రం అంకె చెబితే మాట వేరేగా ఉంటుంది. రోజూ ఇది అక్కర్లేదు. ఒంట్లో బాగోలేని రోజుల్లో చేస్తే చాలు.

చిన్న లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. అంకె నిలిచినప్పుడు వచ్చే బీప్ మరీ గట్టిగా ఉంది, నిద్రలో ఉన్న పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. దాన్ని ఆపే బటన్ లేదు. తెర తొందరగా ఆరిపోతుంది, కళ్లజోడు వెతుక్కునేలోపు అంకె పోతుంది. ట్రే చల్లగా ఉంటుంది కాబట్టి గుడ్డ తప్పనిసరి, ఆ గుడ్డతో సహా సున్నా చేయడం మరిచిపోవద్దు. బ్యాటరీ నీరసించినప్పుడు హెచ్చరిక గుర్తు వచ్చేలోపే అంకె కాస్త అటూ ఇటూ ఊగుతుంది. వారానికోసారి నీళ్ల సీసాతో సరిచూడటం నా అలవాటు, మీరూ చేసుకోండి. పరుపు మీదా తివాచీ మీదా పెట్టకండి, గట్టి నేల మీద మాత్రమే. మెత్తటి చోట పెడితే అంకె తప్పుగా చూపిస్తుంది.

ఆసుపత్రి తూకానికీ దీనికీ మా దగ్గర నలభై గ్రాముల తేడా ఉంటుంది. దాని గురించి కంగారు వద్దు. రెండు మెషిన్ల అంకెలను ఒకే వరసలో కలపకుండా ఉంటే చాలు. ఆసుపత్రిలో చూసిన బరువును పుస్తకంలో వేరే రంగు పెన్నుతో రాస్తాం.

ఈ మెషిన్ పట్టుకోలేనిది ఒకటుంది, అది తెలిసి కొనండి. జబ్బు ముదిరిన పిల్లల్లో ఒక వైపు కండ కరిగి, ఇంకో వైపు నీరు చేరితే బరువు కదలకుండా నిలబడుతుంది. పుస్తకంలో అంకెలన్నీ ఒకేలా ఉండి అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే మా డాక్టరమ్మగారు ప్రతి విజిట్‌లో లివరు చేత్తో చూసి, చేతి చుట్టుకొలత తీసి, నీరు లేనప్పటి అసలు బరువు ఎంత అనుకోవాలో కొత్తగా చెబుతారు. మా హద్దులు దాన్ని బట్టి మారతాయి. అలాగే గుండె తోపుడే బాగా పడిపోయిన పిల్లల్లో నీరు తీసినా కిడ్నీ లేవదు. అప్పుడు ఐసీయూలో మిల్రినోన్ లాంటి మందులతో గుండెకు ఊతమివ్వాలి, కొందరికి కొన్నాళ్లు డయాలసిస్ కూడా పెట్టాల్సి వస్తుంది. ఆ దశలో ఇంటి తూకం చేయగలిగింది ఏమీ లేదు. పిల్ల మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా, పాలు వదిలేసినా బరువు చూస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి, మెషిన్‌తో సంబంధం లేకపోయినా రాయకుండా ఉండలేను. జ్వరానికి ఐబుప్రొఫెన్ ఇలాంటి పిల్లలకు డాక్టరు చెప్పకుండా వేయకండి. నీరసించిన కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేది ఒంట్లో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు, ఆ మందు వాటినే ఆపేస్తుంది. ఒక వైపు లాసిక్స్, ఇంకో వైపు ఎనలాప్రిల్ ఉండగా ఇది కూడా తోడైతే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ పడుతుంది. మందుల షాపులో జ్వరం సిరప్ అడిగినప్పుడు రెండు మందులు కలిపిన సీసా చేతికి రావచ్చు. లేబుల్ చదివి తీసుకోండి. పిల్లలకు పారాసిటమాల్ ఎంత మోతాదులో వేయాలో ముందే అడిగి రాసిపెట్టుకుంటే అర్ధరాత్రి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఎవరు కొనాలి అంటే, నీరు తీసే మందు మీద ఉన్న పసిపిల్ల ఉన్న ప్రతి ఇల్లూ ఇలాంటిదొకటి కొనాలి. ఈ కంపెనీదే అక్కర్లేదు. పది గ్రాముల మెట్టు, మూలల పరీక్ష, యాభై మిల్లీలీటర్ల పరీక్ష, ఈ మూడూ దాటితే ఏదైనా సరే. నిలబడి తూచే పెద్దవాళ్ల మెషిన్ మీద తల్లి ఒకసారి పిల్లనెత్తుకుని, ఒకసారి ఒక్కతే నిలబడి తీసివేత చేయడం మాత్రం ఈ పనికి చాలదు. వాటిలో చాలావాటి మెట్టు వంద గ్రాములు, రెండుసార్లు తూస్తే పొరపాటు రెండింతలవుతుంది. 8.41కీ 8.55కీ తేడా అందులో కనిపించకపోవచ్చు.

నావి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది యాప్‌కీ బీప్‌కీ కలిపి. కంపెనీవాళ్లకు రెండూ రాసి పంపాను, పై హద్దు, కింది హద్దు పెట్టుకునే వీలు ఇవ్వమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే కింద చేరుస్తాను.